ఎడమ చెంప

భవ్య తన తొలి మనిషి తలను స్టూడియో సర్వర్‌లోకి ఎక్కించి, చేతిలోని పెన్ను టాబ్లెట్ మీద పడేసి, కుర్చీలో వెనక్కి వాలిన చోట పోయిన వారం కథ ఆగింది. అప్పటిదాకా కంప్యూటర్‌లో ఆమె చేసినవన్నీ ప్రాణం లేని వస్తువులు. తుపాకులు, బూట్లు, పీపాలు, కాలు విరిగిన కుర్చీలు. మనిషి ముఖం చెయ్యమని స్టూడియో పెద్ద సుధీర్ ఆమెకిచ్చిన మొదటి పని ఇదే. ట్రైనీలు ఇద్దరు, భవ్య, చైతు. చెరొక ముసలి తల చెయ్యాలి. ఎవరిది నిలబడితే వాళ్ళకి విదేశీ వీడియో గేమ్ ప్రాజెక్టులో సీటు. రెండో వాళ్ళ ట్రైనింగ్ అంతటితో సరి.

భవ్య ఎవరిని చూసి ఆ ముఖం చేసిందో చదువుతున్న మనకు తెలుసు, స్టూడియోకి తెలియదు. కాటన్‌పేటలో తమ బొత్తాల అంగడి పైనున్న మేడలో, నాలుగేళ్ళుగా గడప దాటని తల్లి నాగమ్మ ముఖం అది. ఒక పొద్దున పళ్ళు తోముకుని పుక్కిలించబోతే నీళ్ళు నాగమ్మ నోట్లో నిలవలేదు. ఎడమ వైపు నుంచి కారిపోయాయి. ఆ రోజు నుంచి ఆమె ఎడమ చెంప జారిపోయింది, ఎడమ కన్ను పూర్తిగా మూతపడదు, నవ్వితే నోరు కుడివైపుకే పోతుంది. అంతకుముందు గల్లాపెట్టె దగ్గర కూర్చుని కొనేవాళ్ళతో గలగలా మాట్లాడే మనిషి. "నయమయ్యేదాకా పైన్నే ఉండు" అన్నాడు భర్త పిల్లప్ప. పూర్తిగా నయం కాలేదు. ఆమె కిందికి దిగలేదు.

శుక్రవారం భోజనాలయ్యాక రివ్యూ పెట్టారు. 

ఇందిరానగర్‌లో ఒక ఫర్నిచర్ షోరూమ్ పైన ఉంది వాళ్ళ స్టూడియో. రివ్యూ గది కిటికీలకి నల్ల కాగితం అంటించి ఉంటుంది. ముందు గోడ నిండా తెర. తెర పక్కన చిన్న బల్ల, దాని మీద కంప్యూటరు. ఆ బల్ల ముందు కుర్చీలో సుధీర్ తప్ప ఎవరూ కూర్చోరు.

సుధీర్‌ది విజయవాడ. సింగపూర్‌లో పనిచేసి వచ్చాడు. తనను పేరు పెట్టే పిలవమంటాడు అందర్నీ. భవ్య నోటికి మాత్రం 'సార్' తప్ప రాదు. అతను గొంతు పెంచడు. అరిచేవాళ్ళంటే ఆమెకు భయం లేదు, బజారులో పెరిగిన పిల్ల. ఆవులిస్తున్నట్టు మెత్తగా మాట్లాడే ఈ మనిషి ముందే అరచేతులు చెమర్చేవి.

మొదట చైతు చేసిన ముసలాయన తల తెర మీదికి వచ్చింది. సుధీర్ దాన్ని పెన్నుతో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరీయన?"

"ఎవరూ కాదు సుధీర్. జనరల్‌గా ఒక ఓల్డ్ మ్యాన్" అన్నాడు చైతు. 

"అదే ప్రాబ్లమ్. ఎవరూ కాదు. బట్టల షాపు ముందు నిలబెడతారే, ఆ బొమ్మకి విగ్గు తీసేసి ముడతలు గీకినట్టుంది. అనాటమీ కరెక్టే. లోపల మనిషి లేడు. నెక్స్ట్."

చైతు తల ఊపి కూర్చున్నాడు. ఒంగోలు నుంచి వచ్చి యలహంకలో నలుగురితో గది పంచుకునే కుర్రాడు. 'అనాటమీ కరెక్టే' అన్న మాట సుధీర్ నోట రావడం చిన్న సంగతి కాదని అతనికి తెలుసు. భవ్యకీ తెలుసు.

తర్వాత ఆమె చేసిన తల వచ్చింది.

రంగులు లేవు. బంకమట్టి రంగులో ఒక ముసలావిడ తల, చీకట్లో తేలుతున్నట్టు. గోడంత పెద్దదిగా కనిపించేసరికి భవ్యకు తను చేసినదే కొత్తగా తోచింది. అమ్మ వయసుకి ఇంకో ఇరవై ఏళ్ళు చేర్చింది తను. అయినా అమ్మే. కింది పెదవి కొంచెం తెరుచుకుని, ఏదో అడగబోయి మానుకున్నట్టు.

సుధీర్ పెన్ను అందుకున్నాడు. తెర మీది తలను పక్కకి తిప్పాడు.

"పుర్రె వెనక భాగం ఏది?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"సీరియస్‌గా అడుగుతున్నా. ఇక్కడ పుర్రె ఇంత ఉండాలి. నువ్వు కోసేశావు. ఈవిడకి మెదడు ఎక్కడ పెడదామనుకున్నావు?" పెన్ను కిందికి జరిగింది. "చెవి. దవడ కంటే ముందుకొచ్చేసింది. మెడ చూడండి అందరూ, డ్రైనేజీ పైపు. కనురెప్పలు. కంటి మీద రెప్ప కూర్చోవాలి భవ్యా, గుండ్రటి దాని మీద గుడ్డ కప్పినట్టు. నువ్వు కత్తితో చీల్చి లోపల గోలీ పెట్టావు. ముడతలన్నీ గీతలు. కింద ఎముక లేకుండా ముడత ఎక్కడి నుంచి వస్తుంది? ఎముక కట్టడం బోర్ కొట్టిందా? ముడతలు గీస్తే ఆర్టిస్ట్ అయిపోతావని ఎవరు చెప్పారు నీకు?"

"లేదు సార్."

"ఏం లేదు?"

చీకట్లో పది పన్నెండు తలలు ఆమె వైపు తిరిగి ఉన్నాయి. సుధీర్ తలను మళ్ళీ ఎదురుగా తెచ్చి, ఎర్ర చుక్క ఎడమ చెంప మీద పెట్టాడు.

"ఇప్పుడు అసలు కామెడీ. ఈ పక్క ఏమైంది? కుడి పక్క చేశాక ఇంటికెళ్ళిపోయావా? నోరు జారిపోయింది, కన్ను జారిపోయింది, చెంప మైనంలాగా కారిపోతోంది. ఎండలో పెట్టావా ఈవిణ్ణి?"

ఈసారి గది గదంతా నవ్వింది. మనుషులు చెడ్డవాళ్ళు కారు. తమ వంతు కాని రోజున నవ్వడం ఆ గదిలో అలవాటు, అంతే. వెనక వరుసలో ఎవరో తన మూతి పక్కకి లాగి పక్కవాడికి చూపించాడు. ఆ నవ్వులు ఇంకాస్త పెరిగాయి.

"రిఫరెన్స్ ఎవరు? ఎవర్ని చూసి చేశావు?"

భవ్య నోరు తెరిచింది. మా అమ్మ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ వెనక వరుసలో వాడి మూతి ఇంకా వంకరగానే ఉంది.

"ఎవరూ కాదు సార్. నెట్‌లో దొరికింది. ఎవరో ముసలామె ఫోటో."

"ఆ ఫోటో తీసినవాడి చెయ్యి వణికి ఉంటుంది" అన్నాడు సుధీర్. "చూడు, ఎంత సింపులో."

ఒక మీట నొక్కాడు. ముఖంలో కుడి సగాన్ని అద్దంలో చూపినట్టు ఎడమకి తెచ్చిపెట్టే మీట అది.

తెర మీద జారిన చెంప పైకి లేచింది. ఎడమ కన్ను సరిపోయింది. పెదవి చివర పైకెక్కి నోరు తిన్నగా అయింది. కనురెప్ప వేసి తెరిచేలోపు నాగమ్మ గల్లాపెట్టె వెనక కూర్చుని ఉంది, డజను బొత్తాలు అట్ట మీద వేసి చూపిస్తూ, 'తీసుకో అక్కా, నీ రవికకి ఇవే సరిపోతాయి' అనడానికి సిద్ధంగా. నాలుగేళ్ళు సూదులు, తైలాలు, ఇంటికొచ్చి కరెంటు పెట్టే డాక్టర్లు చెయ్యలేనిది ఒక వేలు చేసింది. భవ్య కూర్చున్న కుర్చీ అంచును గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు మనిషిలా ఉంది" అన్నాడు సుధీర్. నవ్వులు ఆగలేదు.

"అది వాళ్ళమ్మ సుధీర్."

చైతు గొంతు. లేచి నిలబడ్డాడు, ఎందుకు నిలబడ్డాడో తనకే తెలియనట్టు. "భవ్య వాళ్ళమ్మగారు. నేను వాళ్ళింట్లో భోంచేశాను. ఆంటీ ముఖం అలాగే ఉంటుంది. ప్లీజ్, నవ్వొద్దు."

నవ్వులు ఆగిపోయాయి. వెనక వరుసలో వాడు ముఖం సరిచేసుకుని కింద పడనిదేదో వెతకడానికి వంగాడు. ప్రాజెక్టు వ్యవహారాలు చూసే ఫర్హానా గోడకి ఆనుకుని నిలబడ్డదల్లా రెండడుగులు ముందుకొచ్చి, "సుధీర్, చాలు. బ్రేక్ తీసుకుందాం" అంది.

అందరూ సుధీర్ వైపు చూశారు. అతను సిగ్గుపడతాడనో, సారీ అంటాడనో వాళ్ళ ఆశ. అతను తెర వైపు చూస్తున్నాడు. అతని ముఖంలో మొదటిసారిగా ఆవులింత పోయింది.

"నిజంగా ఇలాగే ఉంటారా?" అన్నాడు.

భవ్య తల ఊపింది. అది చీకట్లో కనిపించదని గుర్తొచ్చి "ఆ" అంది.

"నవ్వితే?"

"ఒక పక్కకే పోతుంది సార్."

"ఏడిస్తే?"

భవ్య తెర మీది నుంచి చూపు తిప్పుకుంది.

సుధీర్ తను చేసిన మార్పును వెనక్కి తీసేశాడు. తెర మీద నాగమ్మ ముఖం ఎడమవైపు మళ్ళీ జారిపోయింది. ఆమెకి ఆ రోగం రెండోసారి, ఇందరి ముందు వచ్చినట్టనిపించింది భవ్యకు. అతను అంతటితో వదల్లేదు. పెన్ను తీసుకుని ఆ చెంపను ఇంకా కిందికి లాగాడు. కింది రెప్పను బయటికి తిప్పాడు. పెదవి చివర పట్టుకుని గడ్డం దాకా దించి, లోపల రెండు పళ్ళు పొడుగ్గా చేశాడు. అతని చెయ్యి చాలా మంచి చెయ్యి. రెండు మూడు నిమిషాల్లో పుర్రె సరిపోయింది, మెడ సరిపోయింది, రెప్పలు కళ్ళ మీద కూర్చున్నాయి. ఆ తల ఇప్పుడు బతికి ఉంది. చూడడానికి భయం వేసింది.

"ఫర్హానా, క్లయింట్ మన మంత్రగత్తెని మూడు సార్లు రిజెక్ట్ చేశాడు. కార్టూన్‌లా ఉంది, భయం లేదన్నాడు. ఇది పంపించు" అన్నాడు సుధీర్. "లైట్లు వెయ్యండి. భవ్యా, నా క్యాబిన్‌కి రా."

పిల్లల్ని అడవిలోకి పిలిచి తినే మంత్రగత్తె. ఆ గేమ్‌లో అందరికంటే ముఖ్యమైన పాత్ర అదే.

క్యాబిన్‌లో అతను ఆమెను కూర్చోమనలేదు.

"ఫీడ్‌బ్యాక్ ఇస్తాను, రాసుకోనక్కర్లేదు, గుర్తుంటుంది. నీ పని బాగోలేదు. చెవి, మెడ, పుర్రె, ఏదీ. ఆ చైతూది నీ కంటే నీట్‌గా ఉంది. కానీ నీ తలలో ఒక్క చోట ప్రాణం ఉంది, ఆ ఎడమ చెంపలో. దానికి పొంగిపోకు. అది నువ్వు చేసింది కాదు. రోగం చేసింది. నువ్వు కాపీ కొట్టావు."

భవ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను చూసి, కారనిచ్చి, తర్వాత మాట్లాడాడు.

"సోమవారం మీ అమ్మగారిని తీసుకురా. ఫోటోలు కావాలి. వీడియో కూడా. కోపం, అరుపు, ఏడుపు, గట్టిగా నవ్వు, అన్నీ. ఆ పక్క కండరం ఎక్కడ ఆగిపోతుందో నాకు తెలియాలి. తీసుకొస్తే సీటు నీది. సోమవారం నుంచే ప్రాజెక్టులో ఉంటావు."

"మంత్రగత్తెకేనా సార్? వేరే ఏదైనా పాత్రకి..."

"వేరే పాత్రలకి మామూలు ముఖాలు చాలు."

"మా యమ్మ బయటికి రాదు సార్. బయటోళ్ళ ముందర నిలబడదు. ఈ మాట చెప్తే తట్టుకోలేదు."

సుధీర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఈ బాధంతా ఇప్పుడు ఎందుకొచ్చింది? అరగంట కింద నేను అడిగాను. అందరి ముందు అడిగాను. నెట్‌లో దొరికిన ముసలామె అన్నావు. మీ అమ్మని దాచింది నువ్వు, భవ్యా. నేనైతే ఆవిణ్ణి హీరోయిన్ని చేస్తున్నాను."

ఆమె జవాబు కోసం చూడకుండా అతను వేరే ఫైలు తెరుచుకున్నాడు.

బయట కారిడార్‌లో ఫర్హానా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "వద్దని చెప్పెయ్ అమ్మాయ్. కానీ అబద్ధం చెప్పను నీకు, వద్దంటే సీటు ఉండదు. అతనితో వాదించి గెలిచినోళ్ళని నేను చూడలే" అంది. చెయ్యి తీసేసి తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆ తలను క్లయింట్‌కి పంపాల్సింది ఆమే.

మెట్ల దగ్గర చైతు కాచుకుని ఉన్నాడు.

"సారీ భవ్యా. నవ్వుతుంటే చూడలేకపోయాను. ఆంటీ చేత్తో పెట్టిన అన్నం తిన్నాను నేను. అందుకే చెప్పేశాను. ఇట్లా అవుతుందనుకోలేదు."

"నేను నెట్‌లో దొరికిందని చెప్పినా గదా. నువ్వు లేచి నన్ను అబద్ధాలకోరును చేసినావు."

"అలా కాదు..."

"నేను వద్దంటే సీటు నీకే వస్తుందని నీకు తెలుసు."

చైతు ముఖం ఎర్రబడింది. "తెలుసు. అయినా దానికోసం చెప్పలేదు. నువ్వు వద్దను, నేనూ వద్దంటాను. ఇద్దరం పోదాం ఇక్కణ్ణుంచి."

ఆ మాట నిజంగానే అన్నాడతను. ఇంటికి డబ్బు పంపాల్సిన మనిషి, ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డాడో అతని గొంతులో ఉంది. భవ్య దాన్ని విననే విన్నది. విన్నాక, సుధీర్ గొంతులో ఉండే ఆ మెత్తదనం తన గొంతులోకి ఎక్కడి నుంచి వచ్చిందో, "నువ్వు వద్దనేదేముంది చైతూ? నీది బట్టల షాపు బొమ్మ. నీకు ఇస్తామని ఎవురన్నారు?" అంది.

చైతు పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. భవ్య మెట్లు దిగింది. రోడ్డు మీదికి వచ్చాక తను అన్న మాట చెవుల్లో మోగింది. వెనక్కి వెళదామని ఆగింది. బస్సు వస్తే ఎక్కేసింది.

కాటన్‌పేటలో దిగేసరికి దీపాలు పెట్టే వేళయింది. వీధి నిండా తోపుడు బళ్ళు, మూటలు దించే హమాలీలు. అంగట్లో పిల్లప్ప ఎవరికో లేసు కొలిచి ఇస్తున్నాడు. కూతుర్ని చూసి తల ఎత్తకుండానే "పైన ఊట ఉండాది, తినుపో" అన్నాడు.

దారి పొడుగునా భవ్య ఒకటే అనుకుంటూ వచ్చింది. అమ్మకి జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. అమ్మ వద్దంటుంది. అప్పుడు వద్దన్నది నేను కాదు, అమ్మ. సోమవారం సుధీర్‌కి అదే చెప్తాను.

నాగమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కూతురి అడుగుల చప్పుడు వినగానే అలవాటుగా కొంగు చివర నోటి మీదికి వచ్చింది. ఇంట్లో వాళ్ళ ముందు కూడా అంతే.

"ఏం పాపా, ముఖమట్లుండాది? నీ బొమ్మని ఏమన్నారు?"

ఆ బొమ్మ సంగతి నాగమ్మకి తెలుసు. కూతురు తన పాత ఫోటోలు, కొత్త ఫోటోలు తీసుకుని ఏదో చేస్తోందని తెలుసు. కొత్త ఫోటోలు కూడా భవ్య బతిమాలి, తలుపు గడియ వేసి తీసినవే.

"నువ్వు కావాలంటున్నారమ్మా" అంది భవ్య. ఎలా మొదలుపెట్టాలో తెలియక చివరి నుంచి మొదలుపెట్టింది. "ఆఫీసుకి రమ్మంటున్నారు. సోమారం. నీ ఫోటోలు తీస్తారంట. వీడియో తీస్తారంట."

"నన్నా?" నాగమ్మ చేతిలో కాయ ఆగిపోయింది. "వాళ్ళకి నా మూతి సంగతి తెల్దా?"

"తెలుసమ్మా. బొమ్మలో చూసినారు గదా."

"చూసినంకనే రమ్మన్నారా?"

"ఊఁ. నీ ముఖమే కావాలంట. వేరే ముఖాలు వద్దంట."

చెప్పినవన్నీ నిజాలే. నాగమ్మ చేటలోని చిక్కుడుకాయల్ని చేత్తో అటూ ఇటూ జరిపింది. రోగం వచ్చిన కొత్తలో, మేడ ఎక్కి ఉండిపోకముందు, ఆమె చెల్లెలి కూతురి పెళ్ళిలో అందరూ ఫోటోకి నిలబడినప్పుడు, "నువ్వు ఆ స్తంభం పక్కకి జరుగు వదినా" అని ఎవరో మంచిగానే చెప్పారు. ఆ పెళ్ళి ఆల్బంలో ఆమె చీర అంచు ఒక్కటే ఉంది. ఎడమ కంట్లో నీళ్ళు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి కాబట్టి ఆమె ఏడుస్తోందో లేదో కుడి కన్ను చూసి తెలుసుకోవాలి. భవ్య చూసింది. కుడి కన్ను కూడా నిండి ఉంది.

"నా ముఖం చూసి, అదే కావాలన్నారా" అంది నాగమ్మ మళ్ళీ, ఈసారి ఎవర్నీ అడగకుండా. తర్వాత కొంగు నోటి మీది నుంచి జారింది. ఆమె దాన్ని పట్టుకోలేదు. "ఏం వేషం పాపా నాది?"

ఇప్పుడు చెప్పాలి. ఇదే చోటు. నోరు కుడివైపుకి పోయి, చెంప ముడతపడి, నాలుగేళ్ళలో మొదటిసారి కొంగు అడ్డం లేకుండా తల్లి నవ్వుతోంది.

"రాణి" అంది భవ్య.

"ఏం రాణి?"

"ముసలి రాణి. ఒక రాజ్యానికంతా పెద్దది."

నాగమ్మ లేచి, చేతులు తుడుచుకుని బీరువా తెరిచింది. అడుగున ఉన్న దొడ్డబళ్ళాపురం పట్టుచీరలు రెండూ బయటికి తీసి ఒక్కొక్కటే భుజాన వేసుకుని చూసుకుంది. ఎర్రది బాగుంటుందా, ఆకుపచ్చది బాగుంటుందా అని అడిగింది. నగలు వాళ్ళే పెడతారా అని అడిగింది. భవ్య అన్నిటికీ ఊఁ కొట్టింది.

అప్పుడే పిల్లప్ప కాఫీ కోసం పైకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి చీరల్ని చూశాడు, కొంగు తీసేసిన భార్య ముఖాన్ని చూశాడు. నాగమ్మ చెప్పింది. చెబుతుంటే మాటలు పక్కకి పోతున్నా ఆగకుండా చెప్పింది.

"ఏం అక్కర్లేదు" అన్నాడు పిల్లప్ప. "ఊరంతా చూడాల్నా? సుమ్నె, గమ్మున ఇంట్లో ఉండు."

"నేను పోతాను."

పిల్లప్ప సరిగ్గా వినలేదన్నట్టు చూశాడు. ఆయన మాటకి ఆమె ఎదురు చెప్పిన రోజు భవ్యకి గుర్తులేదు.

"పోతాను" అంది నాగమ్మ, చీర మడత పెడుతూ. "నాలుగేండ్లు ఉంటిని గదా, నువ్వు చెప్పినట్ల. నాకు బేజారయిపాయె. నయమయినంక కిందికి రా అంటివి. ఇది నయం కాదు. వాళ్ళు దీన్నే రమ్మన్నారు."

పిల్లప్ప కూతురి వైపు తిరిగాడు. మూడు తరాలుగా వ్యాపారం చేసిన ఇంటి మనిషి. ఎదుటివాడు అసలు ధర దాస్తే కళ్ళలో పట్టేస్తాడు.

"ఏం వేషమంటివి?"

"రాణి, నాయనా."

రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే తేలికైంది. అదే ఆమెకి భయం పుట్టించింది. పిల్లప్ప ఇంకా ఆమె కళ్ళలోకే చూస్తున్నాడు. ఏం కనిపించిందో, ఏం కనిపించినట్టు నటించదలిచాడో, చివరికి చూపు తిప్పుకున్నాడు.

"అట్లయితే నేనూ వస్తా" అన్నాడు. "సోమారం అంగడి మూస్తా. నేనూ చూస్తా ఆ రాణిని."

"వద్దు నాయనా, బయటోళ్ళని లోపలికి పంపరు" అంది భవ్య గబుక్కున.

"నేను బయటోడినా?"

నాగమ్మకి వాళ్ళ మాటలు వినిపించడం లేదు. కిటికీ దగ్గరికి పోయింది. నాలుగేళ్ళుగా సగమే తెరుచుకునే రెక్కను పూర్తిగా తోసి, తల బయటికి పెట్టి, ఎదురు మేడ మీద బట్టలు తీస్తున్న భాగీరథమ్మను పిలిచింది. "అక్కా, సోమారం నేను ఇంట్లో ఉండను. పాప ఆఫీసులో నన్ను రాణి వేషానికి పిలిచినారు."

కింద వీధిలో ఇద్దరు ముగ్గురు తలలెత్తి చూశారు. ఆమె కొంగు అడ్డం పెట్టుకోలేదు. భాగీరథమ్మ చేతిలో బట్టలు అలాగే పట్టుకుని "నిజమా నాగమ్మా, ఎన్ని దినాలాయె నిన్ను చూసి" అంటోంది. 

భవ్య తల్లి వెనక్కి పోయి నిలబడింది. ఇక ఆగకూడదు. ఇప్పుడే, కిటికీ మూసి, నాయన ఉండగానే చెప్పెయ్యాలి. "అమ్మా" అంది.

చేతిలో ఫోను మోగింది. తెర మీద సుధీర్ పేరు. ఆమె కట్ చేసింది. మళ్ళీ మోగింది. పిల్లప్ప ఆమెనే చూస్తున్నాడు. ఎత్తక తప్పలేదు.

"భవ్యా, క్లయింట్‌కి పిచ్చి పిచ్చిగా నచ్చింది" అన్నాడు సుధీర్. అతని గొంతులో సంతోషం ఉంది, దానివల్ల ఇంకా మెత్తగా ఉంది. "సోమవారం వాళ్ళు కూడా లైన్లో ఉండి చూస్తారట. పిల్లల్ని పట్టుకునే సీన్, అరిచే సీన్, రెండూ ఆవిడ చేతే చేయించాలి. మీ అమ్మగారు రెండ్రోజులు ఇంట్లో ప్రాక్టీస్ చేస్తే బెటర్. ఒకసారి ఆవిడకి ఇవ్వు, నేనే ఎక్స్‌ప్లెయిన్ చేస్తాను."

"అమ్మ... అమ్మ లేదు సార్ ఇక్కడ."

"ఎవురు పాపా, మీ సారా?" నాగమ్మ కిటికీ నుంచి ఇటు తిరిగింది. గది అవతలి నుంచి కూడా ఫోన్లోకి వినిపించేంత గట్టిగా అడిగింది.

అటువైపు సుధీర్ చిన్నగా నవ్వాడు. "ఉన్నారుగా. ఇవ్వు."

"మీకు అర్థం కాదు సార్, ఒక్క నిమిషం..."

నాగమ్మ చీర కొంగు సర్దుకుని, జుట్టు వెనక్కి తోసుకుని, పెద్దమనిషితో మాట్లాడబోయే మనిషిలా దగ్గరికి వచ్చింది. ఫోను ఇవ్వకుండా భవ్య రెండడుగులు వెనక్కి వేసింది. వీపుకి తండ్రి తగిలాడు. పిల్లప్ప కూతురి భుజం మీదుగా చెయ్యి చాపి, ఆమె వేళ్ళ మధ్య నుంచి ఫోను తీసి, భార్య చేతిలో పెట్టాడు.

నాగమ్మ దాన్ని కుడి చెవికి ఆనించుకుంది.

"నేను నాగమ్మని, పాప వాళ్ళమ్మని" అంది. "చెప్పప్పా. రాణి ఏం చేయాల్నో చెప్పు."